గేటు లోపల చదువు, గేటు బయట మన వాళ్లు

(రేపల్లెలో ఆదివాసీ, క్రైస్తవ విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో మాట్లాడిన మాటలు. చదివేవాళ్ల కోసం అక్కడక్కడ సరిచేసి రాసినవి.)

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందుగా ఒక ప్రశ్న. మీలో ఎంతమంది మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు? ఎంతమందికి మొదటి పలకా బలపం చర్చి బడిలో దొరికాయి? చాలా చేతులే లేచాయి. ఇంకో ప్రశ్న. ఆ చదువుతో మీ కాలనీ కోసం ఒక్క అర్జీ అయినా రాసినవాళ్లు ఎంతమంది? చూశారా, సగం చేతులు దిగిపోయాయి. సిగ్గుపడొద్దు. ఒకప్పుడు నా చెయ్యి కూడా దిగే ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ దిగిపోయిన చేతుల గురించే.

నేను యానాది బిడ్డని. మా వాళ్లు ఈ సముద్రం ఒడ్డున, నిజాంపట్నం మడ అడవుల దగ్గర పీతలు పట్టి, చేపలు పట్టి, రొయ్యల చెరువుల మీద కాపలా కాసి బతికారు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఒక చెరువు మీద కాపలాకి ఉండేవాడు. ఒక రాత్రి మోటారు వైరు పోయింది. తెల్లారేసరికి మామని షెడ్డు స్తంభానికి కట్టేశారు. విచారణ లేదు, అడగడం లేదు. యానాది వాడు కదా, వాడే తీసుంటాడు అన్నారు. అంతే.

ఆ సాయంత్రం మా చర్చిలో ప్రార్థన పెట్టారు. ప్రార్థన తప్పని నేను అనను. మా అత్త ఆ రాత్రంతా దాన్ని పట్టుకునే నిలబడింది. కానీ ప్రార్థన అయ్యాక కాగితం మీద ఫిర్యాదు రాయడానికి ఎవరూ లేవలేదు. కాలనీ మొత్తం మీద కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నేనూ లేవలేదు. "చదువుకోండి, గొడవల జోలికి పోకండి" అని హాస్టల్లో రోజూ విన్న మాట నా కాళ్లు పట్టుకుంది.

మర్నాడు కాలేజీలో ఇద్దరు స్నేహితులు నా ముఖం చూసి అడిగారు. ఒకమ్మాయి మాలపల్లె నుంచి వచ్చింది, ఆదివారం తప్పకుండా గుడికి పోతుంది. ఇంకొకడు తండా నుంచి వచ్చాడు, పుస్తకంలో సేవాలాల్ మహరాజ్ బొమ్మ పెట్టుకుంటాడు. ముగ్గురం కూర్చుని ఫిర్యాదు రాశాం. పోలీస్ స్టేషన్‌కి మూడుసార్లు తిరిగాం. మూడోసారి కాగితం తీసుకున్నారు. ఆ కేసు ఏదో పెద్ద తీర్పు దాకా పోయిందని చెప్పను, పోలేదు. కానీ కాగితం స్టేషన్లో పడిందని తెలిసిన రోజు సాయంత్రానికి మామ కట్టు విప్పారు. ఆపి పెట్టిన జీతం కూడా ఇచ్చారు. మామ కాలనీలోకి తలెత్తుకుని నడిచి వచ్చాడు.

ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. నాకు చదువు చెప్పింది మిషన్ గేటు లోపలే. ఆ చదువు పనికొచ్చింది మాత్రం గేటు బయట. నాతో స్టేషన్‌కి నడిచినవాళ్లలో ఒకరిది నా మతం, ఇంకొకరిది కాదు. మామ కట్టు విప్పించేటప్పుడు ఆ తేడా ఎవరికీ గుర్తు రాలేదు.

ఇది నా ఒక్కదాని కథ అనుకోవద్దు. మన రైలు లైను ఎక్కి చూడండి. రేపల్లెలో ఎక్కి తెనాలిలో దిగండి. అక్కడి నుంచి చీరాల వైపు పొయ్యే లైనులో చుండూరు వస్తుంది, బాపట్ల వస్తుంది, స్టూవర్టుపురం వస్తుంది. చీరాలలో దిగితే కారంచేడు దగ్గరే. చుండూరు, స్టూవర్టుపురం, కారంచేడు మూడూ ఇవాళ మన బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. ఈ మూడు ఊళ్ల కథ తెలియకపోతే, చదువుకున్న క్రైస్తవ పిల్లలు న్యాయం కోసం ఏం చెయ్యాలన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు.

కారంచేడు సంగతి. 1985 జులై 17. అంతకు ముందు రోజు మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ జరిగింది. తాగే నీళ్లు పాడు చేస్తున్నారని అడిగినందుకు కొరడా ఎత్తారు. దానికి అడ్డంగా ఒక అమ్మ బిందె ఎత్తింది. ఆ అమ్మ పేరు సువార్త. మర్నాడు భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. చనిపోయినవాళ్ల పేర్లు చదివితే బైబిల్ పేర్లు కనిపిస్తాయి. మిగిలినవాళ్లు ప్రాణాలు చేత పట్టుకుని చీరాల పారిపోయారు. తలదాచుకున్నది చర్చి ఆవరణలో. అక్కడే శిబిరం పుట్టింది. ఆ పోరాటంలోంచే 1985 సెప్టెంబర్ 1న చీరాలలో దళిత మహాసభ ఏర్పడింది. సంస్కృతం పాఠాలు చెప్పే కత్తి పద్మారావు గారు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్న బొజ్జా తారకం గారు దానికి ముందు నిలబడ్డారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ చర్చి గేటు ఆ రోజు మూసి ఉంటే? "ఇది రాజకీయం, మాకొద్దు" అని ఉంటే? జనం చెల్లాచెదురై ఎవరి చుట్టాల ఊరికి వాళ్లు పోయేవాళ్లు. గేటు తెరిచారు కాబట్టి జనం ఒకచోట ఉన్నారు. ఒకచోట ఉన్నారు కాబట్టి చదువుకున్న పిల్లలు వచ్చి కలిశారు. గోడ లోపల మొదలైన శిబిరం రోడ్డెక్కింది. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో వచ్చింది. ఇరవై మూడేళ్లు! అన్నేళ్లూ సాక్షులు నిలబడాలంటే వాళ్ల వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా.

చుండూరు ఇంకా దగ్గర. 1991 ఆగస్టు 6. నెల ముందు సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న పెద్ద కులం కుర్రాడికి తగిలింది. అక్కడ మొదలైంది. చివరికి ఎనిమిది మందిని నరికి చంపారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. జనం తెనాలి వచ్చేశారు, మళ్లీ చర్చి ఆవరణే ఆసరా అయింది. చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు. ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. ఎప్పుడైనా వెళ్లి చూడండి. వాళ్లు అడిగిన పెద్ద కోరిక ఏంటో తెలుసా? కోర్టు మా ఊళ్లోనే పెట్టండి అని. సాక్ష్యం చెప్పడానికి కూలి మానుకుని ఊళ్లు తిరగలేం, భయపడకుండా మా ఊళ్లోనే చెబుతాం అన్నారు. సాధించారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు నడిచింది. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తర్వాత అప్పీలు సుప్రీంకోర్టుకి పోయింది.

ఓడిపోయారా మరి? నేను ఓడిపోయారని అనను. కారంచేడు లాంటి ఊళ్ల నెత్తురు లోంచే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం పేరులో ఎస్టీ అన్న మాట ఉంది చూడండి. ఆ రోజు స్తంభానికి కట్టిన మా యానాది మామకి కూడా ఆ చట్టమే అండ. దళిత క్రైస్తవుల పోరాటం ఫలితం ఆదివాసీ ఇంటికి కూడా వచ్చింది. ఈ అప్పు మనం మరిచిపోకూడదు.

ఇప్పుడు చేదు సంగతి కూడా చెప్పాలి. స్టూవర్టుపురం. ఎరుకల పిల్లలు ఇక్కడున్నారు, మీకు నాకన్నా బాగా తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అన్నమాట! ఆ చట్టం కింద 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకల కోసం ఒక సెటిల్మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అక్కడ బడి ఉంది, ఆసుపత్రి ఉంది, భూమి ఉంది. దాంతో పాటు రోజూ హాజరు ఉంది. ఊరు దాటాలంటే పాసు కావాలి. అక్షరం ఇచ్చిన చెయ్యే హాజరు పట్టీ కూడా పట్టుకుంది. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ముద్ర పోలేదు. మా మామని కట్టేసిన తాడు కూడా ఆ ముద్రతో పేనిందే.

అంటే చర్చి అన్న పేరు చూసి గేటు మన కోసమే తెరుచుకుంటుంది అనుకోవడానికి లేదు. ఒకే గేటు చీరాలలో ఆశ్రయం అయింది, స్టూవర్టుపురంలో కాపలా అయింది. లోపల ఉన్నవాళ్లు ఎవరి పక్కన నిలబడ్డారన్న దాన్నిబట్టే ఉంటుంది. ఇంకో ముచ్చట. 1970లలో అదే స్టూవర్టుపురంలో దొంగ అన్న ముద్ర చెరపడానికి పనిచేసిన మనిషి హేమలతా లవణం గారు. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు. క్రైస్తవ ఇంట్లో పుట్టి, నాస్తిక ఉద్యమం నడిపిన గోరా గారి ఇంటికి కోడలిగా వెళ్లింది. ఎరుకల ఇళ్లలో కూర్చుని మాట్లాడేటప్పుడు ఆమె ఎవరి మతమూ అడగలేదు.

మన జిల్లా దాటి ఆదివాసీల సొంత చరిత్రలోకి వెళ్దాం. బిర్సా ముండా మనందరి గుండెల్లో ఉన్నాడు. చిన్నప్పుడు ఆయన చైబాసాలో జర్మన్ మిషన్ బళ్లో చదువుకున్నాడు. భూముల కోసం కొట్లాడుతున్న ముండా సర్దార్లను మిషనరీలు తిడితే ఆ పిల్లాడు ఎదురు తిరిగాడు, బడి వదిలేశాడు. బళ్లో నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. ఉల్‌గులాన్ నడిపాడు. 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయేనాటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

ఆయన పోయిన పదిహేనేళ్లకి అదే చోటానాగ్‌పూర్‌లో మిషన్ బళ్లలో చదివిన ఆదివాసీ యువకులు, టీచర్లు ఉన్నతి సమాజ్ అని ఒక సంఘం పెట్టారు. చదువు, ఉద్యోగాలు, ఆదివాసీలకు ప్రత్యేక ప్రాంతం కావాలన్నారు. కానీ అది చాలాకాలం చదువుకున్న క్రైస్తవుల సంఘంలాగే కనిపించింది. పల్లెల్లో సర్నా పూజ చేసుకునే జనం దూరంగా ఉన్నారు. 1930ల చివర్లో ఆదివాసీ మహాసభ వచ్చి, క్రైస్తవులూ సర్నా వాళ్లూ ఒకే జెండా కిందికి చేరాకే దానికి బలం వచ్చింది. 1939లో దాని అధ్యక్షుడైన జైపాల్ సింగ్ ముండా రాంచీ మిషన్ బడి పిల్లవాడే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి మాట్లాడినప్పుడు ఆయన క్రైస్తవుల తరఫున మాట్లాడలేదు, ఆదివాసీలందరి తరఫున మాట్లాడాడు. క్రైస్తవ విద్యార్థి ఉద్యమం మనకు ఎప్పుడు పనికొస్తుందో తెలియాలంటే ఈ పాతికేళ్ల కథ చాలు.

ఈ తగువు ప్రపంచమంతా ఉంది. ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య 1895లో స్వీడన్‌లో పుట్టింది. మన దేశంలో స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 1912 నుంచి ఉంది. కాథలిక్ విద్యార్థుల ఐకఫ్ 1924లో మొదలైంది. వాక్యం చెప్పడమే మన పనా, అన్యాయం మీద నిలబడడం కూడా మన పనా అని వీటన్నిట్లో వాదన నడిచింది. నిలబడిన చోట ఏం జరిగిందో ఒక్కటి చెబుతాను. జేమ్స్ లాసన్ అని ఒక నల్లజాతి అమెరికన్ యువకుడు. 1950లలో మన నాగ్‌పూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ సత్యాగ్రహం గురించి నేర్చుకుని తిరిగి వెళ్లాడు. నాష్‌విల్ ఊళ్లో దైవశాస్త్రం చదువుతూ, చర్చి కింద గదుల్లో విద్యార్థులకు పాఠం చెప్పాడు. కొడితే ఎలా ఓర్చుకోవాలి, తిడితే ఎలా కూర్చోవాలి అని. 1960 ఫిబ్రవరిలో ఆ పిల్లలు తెల్లవాళ్లకు మాత్రమే అన్నం పెట్టే హోటళ్లలో పోయి కూర్చున్నారు. యూనివర్సిటీ లాసన్‌ని బయటికి గెంటేసింది. కానీ మే నెలకల్లా ఆ హోటళ్లు నల్లవాళ్లకు తలుపులు తీశాయి. చూడండి, అక్కడా చర్చి గదిలో మొదలై వీధిలోకి వచ్చింది.

దీనికి ధర కూడా ఉంటుంది. స్టాన్ స్వామి గారు మీకు తెలుసు. రాంచీలో ఉండి, జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ పిల్లల లెక్కలు తీసిన జెసూట్ ఫాదర్. 83 ఏళ్ల వయసులో 2020 అక్టోబర్ 8న అరెస్టు చేశారు. బెయిలు రాకుండానే 2021 జులై 5న పోయారు. ఆయన లెక్క తీసిన పిల్లల్లో ఎవరు చర్చికి పోతారు, ఎవరు పోరు అని ఆయన వేరు చేసి చూడలేదు.

ఇంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ మన ముందున్న ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఇప్పటికీ లేదు. 2025 ఏప్రిల్ 30న మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రైస్తవంలోకి వెళ్లి పాస్టరుగా ఉన్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద కేసు పెట్టలేడు అంది. ఆ కేసు ఎక్కడిదో కాదు, మన చందోలు పోలీస్ స్టేషన్ కేసు. కులం పేరుతో తిట్టించుకున్నా, చర్చికి పోతే చట్టం దగ్గరికి రాదన్నమాట. సువార్తమ్మ బిందె ఎత్తిన నేల మీద ఈ మాట వినాల్సి వచ్చింది.

ఎస్టీల సంగతి వేరు. మన జాబితాకి మతం షరతు లేదు. యానాది చర్చికి పోయినా యానాదే, ఎరుకల ఏ దేవుణ్ణి మొక్కినా ఎరుకలే. కానీ దీన్ని కూడా మార్చాలని, క్రైస్తవులైన ఆదివాసీలను జాబితా నుంచి తీసెయ్యాలని, డీలిస్టింగ్ పేరుతో ఊరేగింపులు తీస్తున్నారు. ఇది కొత్తది కాదు. 1960ల చివర్లోనే కార్తీక్ ఓరాన్ గారు పార్లమెంటులో ఈ డిమాండ్ తెచ్చారు. ఆయన కూడా ఆదివాసీ నాయకుడే. క్రైస్తవులు చదువుకుని ముందుకు పోయారు, ఉద్యోగాలన్నీ వాళ్లే తీసుకుంటున్నారు అన్నది ఆయన బాధ.

ఆ బాధని తిట్టి పక్కన పెట్టకండి. ఇక్కడున్న క్రైస్తవ పిల్లలకి చెబుతున్నాను, ఇది మీ కోసమే. మిషన్ హాస్టల్లో చదివి, ఉద్యోగం తెచ్చుకుని, టౌన్లో ఇల్లు కట్టుకుని, కాలనీలో అమ్మోరికి కోడిని కోసే పెదనాన్నని "అన్యుడు" అని పిలిచినప్పుడు, డీలిస్టింగ్ వాళ్ల పని మీరే సగం చేసి పెట్టారు. చర్చిలో కూడా చూడండి. మాల వరస ఒకటి, మాదిగ వరస ఒకటి. చిన్నప్పుడు మా కుటుంబం కూర్చున్నది గుమ్మం దగ్గర. అందరూ దేవుని బిడ్డలే అన్న పాట గుమ్మం దగ్గర కూర్చుని పాడాం. ఆ గుమ్మం సంగతి తేల్చుకోకుండా బయట న్యాయం గురించి మాట్లాడితే జనం నమ్మరు.

చర్చికి పోని తమ్ముళ్లకీ ఒక మాట. ఇవాళ మీ పక్కింటి క్రైస్తవుణ్ణి జాబితా నుంచి తీసేస్తే మీ వాటా పెరుగుతుందని ఎవరైనా చెబితే, లెక్క అడగండి. రేపు మా మామ లాంటివాణ్ణి కట్టేసినప్పుడు స్టేషన్‌కి నడిచే కాళ్లు ఎన్ని తగ్గుతాయో ఆ లెక్క కూడా వెయ్యండి.

ఇక పని. ఉపన్యాసం విని ఇంటికి పోతే కుదరదు. ఈ నాలుగూ చెయ్యండి.

ఒకటి. మీ కాలనీలో ఎవరికి కుల ధ్రువీకరణ పత్రం లేదో, ఎవరికి ఆధార్, రేషన్ కార్డు లేవో ఒక నోటు పుస్తకంలో రాయండి. మన యానాది వాళ్లలో ఈ కాగితాలు లేక ఆగిపోయిన పింఛన్లు, బడి సీట్లు ఎన్నో. పది మంది విద్యార్థులు రెండు ఆదివారాలు కూర్చుంటే ఒక కాలనీ జాబితా తయారవుతుంది.

రెండు. అత్యాచారాల చట్టం తెలుగులో చదవండి. మీరు చెప్పింది స్టేషన్లో రాసుకుని, మీకు చదివి వినిపించి, ఒక కాపీ ఉచితంగా ఇవ్వడం అధికారి బాధ్యత. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారే చెయ్యాలి. ఇంత తెలిసిన పిల్లలు ఇద్దరు పక్కన ఉంటే, స్టేషన్లో మా అత్తలాంటి మనిషి గొంతు మారుతుంది.

మూడు. చెరువుల మీద, ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తీసుకుని కదలలేకుండా ఉన్నవాళ్లు మనలో ఉన్నారు. 1976 నుంచి వెట్టిచాకిరీ నేరం. అప్పు తీరలేదని మనిషిని ఆపి ఉంచే హక్కు ఎవరికీ లేదు. అలాంటి ఇల్లు కనిపిస్తే ఒంటరిగా పోవద్దు, ముగ్గురు నలుగురు కలిసి పోయి, వివరం రాసుకుని, ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టండి.

నాలుగు. మీ యువజన కూటానికి గేటు బయట ఒక చాప వెయ్యండి. నెలకొకసారి చాలు. చర్చికి వచ్చేవాళ్లు, రానివాళ్లు, ఎరుకల, యానాది, లంబాడా, మాల, మాదిగ పిల్లలు దాని మీద కూర్చోవాలి. ఆ రోజు ప్రసంగం ఉండకూడదు. ఎవరి కాలనీలో ఏం జరిగిందో చెప్పుకోవడమే.

మా మామ ఇప్పుడు లేడు. పోయే ముందు ఒకసారి అడిగాను, ఆ రోజు స్తంభానికి కట్టినప్పుడు ఏం అనుకున్నావు మామా అని. "నువ్వు వస్తావనుకోలేదమ్మా, కాలేజీ పిల్లవి కదా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. చదువుకున్న పిల్లలు రారు అని మన వాళ్లు అనుకుంటున్నారు. అది అబద్ధం అని మీరు చూపించాలి.

నోటు పుస్తకం ఈ రోజే కొనండి. జోహార్.